చివరి పేజీ మీద చీటీ

గ్రంథాలయాల్లో కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు అప్పుడప్పుడు మదనపల్లెలో మా ఇంటికి వస్తుంటారు. రిటైరయినవాడి దగ్గర ఏదో జ్ఞానం మిగిలి ఉంటుందని వాళ్ళ నమ్మకం. కాఫీ తాగేదాకా వింటారు, గ్లాసు కింద పెట్టగానే ఫోను బయటికి తీస్తారు. ఇప్పుడు ఏ భాష పుస్తకమైనా ఫోనుకు చూపిస్తే చదివేస్తుంది సార్, మీరు పడ్డ కష్టాలు మాకు లేవు అంటారు. నిజమే నాయనా. కానీ చూపించాల్సిన పేజీని మనమే జిగురు పూసి మూసేస్తే ఏ ఫోను చదువుతుంది? మేం చేసిన ఘనకార్యం అదే. ఇంకో కాఫీ తెప్పిస్తాను, కూర్చోండి.

అప్పట్లో నేను పుంగనూరులో ఒక కాలేజీకి లైబ్రేరియన్ని. కాపురం మదనపల్లెలోనే. పొద్దున్నే టమాటా మండీలో సరుకు అమ్ముకొని తిరిగిపోయే రైతుల మధ్య నిలబడి బస్సులో పోయేవాణ్ణి. ధర పడిపోయిన రోజు వాళ్ళు తిట్టే తిట్లన్నీ వినేవాణ్ణి. అవి తర్వాత నాకు జపాన్ పుస్తకాల మీద బాగా పనికొచ్చాయి.

లైబ్రరీలో నాకు తోడు ఒక్క అసిస్టెంటే. పుంగనూరు ఆయనే. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు. నేను వాళ్ళ భాషలోనే బాయ్, అంటే అన్నా, అని పిలిచేవాణ్ణి. నా మీద కోపం వస్తే "మీరు పెద్దోళ్ళు సార్, మీ ఇష్టం" అనేవాడు. అంతకు మించిన తిట్టు ఆయనకు రాదు. ఆయనకు లోకంలో గర్వం ఒకే ఒకదాని మీద. అది తాను కాచే జిగురు. మైదాపిండిలో మైలుతుత్తం కలిపి, సన్నటి సెగ మీద ఎవరినీ దగ్గరికి రానీకుండా కాచేవాడు. ఆ జిగురుకు పురుగు పట్టదు, దానితో అంటించింది చచ్చినా ఊడదు. ఊడితే ఉద్యోగం మానేస్తానని కూడా అన్నాడొకసారి.

మా కాలేజీలో పట్టు పరిశ్రమ కోర్సు మొదలుపెట్టిన ఏడు, గంగవరం దగ్గర పల్లె నుంచి ఒకామె ఆటోలో ఇనప పెట్టె వేసుకొని వచ్చి మా గుమ్మం ముందు దించింది. పట్టుపురుగులు మేపే రైతు. వయసు యాభై దాటి ఉంటుంది, మాట మాత్రం ముల్లుగర్రతో పొడిచినట్టు ఉంటుంది. బాయ్ ఆమెకు పెట్టెమ్మ అని పేరు పెట్టాడు. నేనూ అదే అంటాను.

పెట్టె కథేమిటంటే, చాలా ఏళ్ళ కిందట ఒక జపాన్ నిపుణుడు మన రైతులకు కొత్త రకం పురుగుల పెంపకం నేర్పడానికి వచ్చి, ఒక పంటకాలమంతా పెట్టెమ్మ షెడ్డులోనే మకాం పెట్టాడట. పోయేటప్పుడు మోయలేక తన పుస్తకాల పెట్టె అక్కడే వదిలేశాడు. కొన్నాళ్ళకు ఆయన దగ్గర్నుంచి పోస్టులో ఇంకో పుస్తకం వచ్చింది. ఆమె దాన్నీ అదే పెట్టెలో పడేసింది. ఇప్పుడు ఇంటి కప్పు మారుస్తున్నారు, పెట్టె పెట్టుకోను చోటు లేదు, కాబట్టి మాకిచ్చింది. మా ప్రిన్సిపాల్ గారు పెట్టె పక్కన నిలబడి ఫోటో దిగి, త్వరలో మన హాల్లో పట్టు రైతుల సదస్సు ఉంది, ఆలోగా వీటన్నిటినీ రిజిస్టరుకు ఎక్కించి ప్రదర్శనలో పెట్టాలని ఆజ్ఞ వేశారు.

ఎక్కించడమంటే ముందు ముద్ర కొట్టాలి, తర్వాత డ్యూ స్లిప్పు అంటించాలి. డ్యూ స్లిప్పంటే పుస్తకం ఎప్పటిలోగా తిరిగివ్వాలో తేదీ వేసే చీటీ. అక్కడే నాకూ బాయ్‌కీ తగవు వచ్చింది. ఎడమవైపు అట్ట తెరవగానే కనబడే పేజీకి అంటించమన్నాను, అన్ని పుస్తకాలకూ మొదటి పేజీ అదే కదా. బాయ్ ఒప్పుకోలేదు. ఈ పుస్తకాలు తమ ఉర్దూ పుస్తకాల మాదిరి కుడివైపు నుంచి మొదలవుతున్నాయని, మొదటి పేజీ మీద చీటీ వేస్తే మనిషి మొహానికి గుడ్డ కట్టినట్టుంటుందని, ఉర్దూ పుస్తకాలకు తానెప్పుడూ చివరి పేజీకే అంటిస్తానని వాదించాడు. అరగంట గొంతులు చించుకున్నాక తేలిందేమిటంటే, నేను మొదటిదంటున్న పేజీ, ఆయన చివరిదంటున్న పేజీ ఒకటే. ఇద్దరమూ గెలిచాం. ఆ సంతోషంలో పెట్టెలోని పుస్తకాలన్నిటికీ ఒక్క పూటలో అంటించేశాం. ఆ పేజీలో గళ్ళ నడుమ ఏవో నిలువు వరుసలు అచ్చయి ఉన్నాయి. వెనక పేజీ గనక ఏదో మందుల షాపు ప్రకటన అనుకున్నాం. మా చీటీ సరిగ్గా దాని కొలతే ఉండడం చూసి బాయ్ ముచ్చటపడ్డాడు కూడా.

ఇక రిజిస్టరు తెరిచాను. రచయిత, ప్రచురణకర్త, అచ్చయిన సంవత్సరం అని మూడు గడులు నా మొహం చూస్తున్నాయి. కుడివైపు మొదటి పేజీ తెరిస్తే నడుమ పెద్ద పెద్ద అక్షరాలు నాలుగు, అంతే. అంకె అన్నది మచ్చుకైనా లేదు. బస్సులో నేర్చుకున్న తిట్లు అప్పుడు బయటికొచ్చాయి.

సరే, గడులు ఖాళీగా ఉంటే కొంపలేం మునగవు, తర్వాత చూసుకుందామనుకున్నాను. అంతలో సదస్సు ఏర్పాట్లు చూడడానికి పట్టు శాఖ అధికారి ఒకాయన వచ్చాడు. పెద్దమనిషే, మర్యాదస్తుడు. పుస్తకాలు తిరగేస్తూ ఒక బొమ్మ దగ్గర ఆగిపోయాడు. కంది కట్టెను విసనకర్రలా పరిచి, నడుమ నారతో ముడి వేసి, గోడకు ఏటవాలుగా ఆనించిన కట్టు అది. పండిన పురుగు దాని మీదికెక్కి గూడు అల్లుకుంటుంది, గూటికి మరక అంటదు. మన వైపు పల్లెల్లో దాన్ని జపాన్ కట్టు అంటారు. ఇదిగో, పుస్తకంలోనే ఉంది, సదస్సులో దీనికి పెద్ద బోర్డు రాయించి పెడదాం, జపాన్ పద్ధతి అని, అన్నాడాయన.

ఆ సమయానికి పెట్టెమ్మ అక్కడే ఉంది. పెట్టె తాళంకప్ప మరిచిపోయిందని దానికోసం వచ్చింది.

"ఆ కట్టు జపానోళ్ళది కాదప్పా, మా ఇంటిది. ఆయప్ప మా షెడ్డులో సూసి బొమ్మ గీసుకొని పోయినాడు. ఇన్నేండ్లుగా సెప్తాండా, యాల నమ్మరు మీరు?" అంది.

ఎవరూ నమ్మలేదన్నది నిజం. ఊళ్ళో వాళ్ళంతా ఆ ముడిని జపాన్ ముడనే అనేవాళ్ళు. సొంత మరిదే ఒకసారి, జపానాయన దగ్గర ఇంకా నాలుగు పనులు నేర్చుకోనుంటే బాగుండు వదినా అన్నాడట. ఆ మాట చెప్పి ఊరుకోలేదు. మూలనున్న చీపురు తీసుకొని, దాన్ని విప్పి, పుల్లలు విసనకర్రలా పరిచి, రెండు చేతులా ముడి వేసి మా బల్ల మీద నిలబెట్టింది. కళ్ళు మూసి తెరిచేలోగా అయిపోయింది. మేమంతా బాగుంది అంటుంటే ఆమె మాత్రం మొహం చిట్లించింది. ఇదే మా అత్త సూసుంటే సాల్దు అనేది, ఏం చేసినా సాల్దు అనడం తప్ప ఆయమ్మకు ఇంకో మాట రాదు, సచ్చేముందు నోట్లో నీళ్ళు పోస్తే గూడా సాల్దు అనే పోయింది అని సణుక్కుంది.

అధికారి ఆమెను కసురుకోలేదు. ఆలోచించి ఒక మాట చెప్పాడు. "నువ్వు అబద్ధం చెబుతున్నావని నేననడం లేదమ్మా. జపానాయన మీ ఊరికి రాకముందే ఈ పుస్తకం అచ్చయ్యుంటే కట్టు వాళ్ళది. వచ్చిపోయినాక అచ్చయ్యుంటే మీది, బోర్డు మీద మీ పేరే రాయిస్తాను. ఏ సంవత్సరమో లైబ్రేరియన్ గారు చెబుతారు."

అందరూ నావైపు తిరిగారు. ఆయన వచ్చిన ఏడు ఏదో ఆమెకు బాగా గుర్తు, చిన్నకూతురు పుట్టిన ఏడే. ఆ లెక్క తేలిపోయింది. తేలనిది నా లెక్కే. పోస్టులో తర్వాత వచ్చిన పుస్తకం ఇదేనేమో అని నేను గొణిగితే, తర్వాత పంపినంత మాత్రాన తర్వాత అచ్చయినట్టు కాదు కదా అన్నాడు అధికారి. ఆయన చెప్పిందీ న్యాయమే. చెబుతాలెండి అని గంభీరంగా తలూపాను. ఉద్యోగంలో నేర్చుకునే మొదటి విద్య అదే.

కుప్పంలో తన మేనమామ కొడుకున్నాడని, రోజూ రైల్లో బెంగళూరు పోయి జపాన్ వాళ్ళ కంపెనీలో పనిచేస్తాడని, వాళ్ళ భాష గడగడా మాట్లాడతాడని బాయ్ చెప్పాడు. ఆదివారం ఇద్దరం సంచీ నిండా పుస్తకాలు వేసుకొని, పలమనేరులో బస్సు మారి, కుప్పం చేరాం. ఆయన మమ్మల్ని నడుము వంచి మరీ పలకరించాడు. ఇంట్లో వాళ్ళు సేమ్యా పాయసం పెట్టారు. పాయసం అయ్యాక ఆయన చేతులు కడుక్కొని, కళ్ళద్దాలు పెట్టుకొని, పుస్తకాన్ని దగ్గరగా చూశాడు, దూరంగా పెట్టి చూశాడు, మొదట్నుంచి చివరిదాకా ఒక్కో పేజీ తిప్పాడు.

చివరికి తలెత్తి, "ఇది జపాన్ భాషే" అన్నాడు.

మాట్లాడడం వచ్చునట, చదవడం రాదట. తిరుగు బస్సులో బాయ్ మొహం అటు తిప్పుకొని కూర్చున్నాడు. పాయసం మాత్రం బాగుంది.

ఇక మిగిలింది బెంగళూరులో నా పాత సహాధ్యాయి ఒక్కడే. పెద్ద లైబ్రరీలో విదేశీ పుస్తకాల విభాగం వాడిది. వాడినే ముందు అడగొచ్చు కదా అంటారేమో. చదువుకునే రోజుల్లో పరీక్షలో నాకంటే రెండు మార్కులు ఎక్కువ తెచ్చుకొని, ఇప్పటికీ పెళ్ళిళ్ళలో కనిపిస్తే ఆ సంగతే ఎత్తుతాడు. అలాంటివాడికి ఫోను చేయడమంటే మాటలా? కానీ సదస్సు ముంచుకొస్తోంది. పెట్టెమ్మ రోజూ ఎవరి ఫోను నుంచో చేసి ఏమయిందప్పా అని అడుగుతోంది. పళ్ళు బిగబట్టి చేశాను.

వాడు ముందు కడుపునిండా నవ్వుకున్నాడు. తర్వాత చెప్పిన సంగతి మీకూ పనికొస్తుంది, వినండి. జపాన్ వాళ్ళు అచ్చు వివరాలు ముందు పేజీల్లో వెతికితే దొరకనట్టు పెడతారు. రచయిత, ప్రచురణకర్త, ముద్రణ తేదీ అన్నీ చివరి పేజీలో ఒక్కచోటే ఉంటాయి. చదవక్కర్లేదు, గుర్తులు పడితే చాలు. తేదీ వరుసలో అంకెలుంటాయి. ఒక అడ్డగీత ఒకటి, రెండు గీతలు రెండు, కూడిక గుర్తు పది, ఇలాగ. నడుమ అడ్డకమ్మీ ఉన్న కిటికీ బొమ్మ రోజుకు గుర్తు. ఆ కిటికీకి కాళ్ళు మొలిస్తే నెల. సంవత్సరం మాత్రం వాళ్ళ చక్రవర్తితో మొదలవుతుంది, కొత్త చక్రవర్తి రాగానే మళ్ళీ ఒకటి. వరుస నెత్తిన ఉన్న అక్షరంలో కూడా కిటికీ కనబడితే పాత చక్రవర్తి, ఆ అంకెకు పందొమ్మిది వందల పాతిక కలపాలి. నెత్తిన తక్కెడ లాంటి అక్షరం ఉంటే తర్వాతి చక్రవర్తి, పందొమ్మిది వందల ఎనభై ఎనిమిది కలపాలి. అంతేరా, ఇంత చిన్న విషయానికి కుప్పం పోయొచ్చావా అని మళ్ళీ నవ్వాడు.

ఫోను పెట్టేసి బాయ్‌తో, అంతా చివరి పేజీలో ఉంటుందట అన్నాను. చివరి పేజీలోనా అన్నాడు బాయ్. అవును, చివరి పేజీలోనే అన్నాను. ఇద్దరం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. తర్వాత బల్ల మీద వరసగా నిలబెట్టి ఉన్న పుస్తకాల వైపు చూశాం. ఒక్కో దానికీ ఎంత నీటుగా అంటించామో చెప్పలేను.

బాయ్ టీ కొట్టు నుంచి కెటిల్ అరువు తెచ్చాడు. ఆవిరి పట్టించి, గోటితో గీకి, బ్లేడుతో తడిమి, మధ్యాహ్నమంతా కుస్తీ పట్టాం. నేను చెమటలు కారుస్తుంటే ఆయన మొహంలో ఒక పక్క దిగులు, ఇంకో పక్క దాచుకోలేని సంతోషం. "సూసినారా సార్, ఎట్ల పట్టుకోనుండాదో" అంటాడు. గొంతు పిసికేద్దామనిపించింది.

పెట్టెలో ఆ కట్టు బొమ్మ ఉన్న పుస్తకం రెండు కాపీలున్నాయి. ఒకే అట్ట, ఒకే రంగు. రెండోది కాస్త లావు, తడికి ఉబ్బిందనుకున్నాం. మా రిజిస్టరు పద్ధతి ఏమిటంటే, ఒకే పుస్తకం రెండు కాపీలుంటే మొదటి దానికే వివరాలన్నీ రాస్తాం, రెండోదానికి ఎదురుగా డిటో అని రెండు గీతలు పెడతాం. కాబట్టి మొదటి కాపీ చీటీ ఒక్కటే ఊడదీశాం. పేజీ కొంచెం చిరిగినా వరుసలు మిగిలాయి. తేదీ వరుస ఒక్కటే ఉంది. దాని నెత్తిన అక్షరంలో కిటికీ. పాత చక్రవర్తి. కలిపి చూస్తే, జపానాయన మన వైపు రావడానికి ఎన్నో ఏళ్ళ ముందు అచ్చయిన పుస్తకం. వేళ్ళు మడిచి ఒకసారి, కాగితం మీద ఒకసారి లెక్క కట్టాను. మారలేదు.

పెట్టెమ్మ ఆ సాయంత్రమే వచ్చింది. చెప్పాను. ఆమె గొడవ పెట్టుకుంటుందనుకున్నాను, పెట్టుకున్నా బాగుండేది. బల్ల మీద ఇంకా నిలబడే ఉన్న చీపురుకట్టను తీసి, ముడి విప్పి, పుల్లలన్నీ మళ్ళీ చీపురుగా కట్టి మూల పెట్టింది.

"సరే లేప్పా. అచ్చేసిన దానికి నేను ఎదురు సెప్తానా" అని వెళ్ళిపోయింది. నాకు ఆ పూట అన్నం సయించలేదు. ఇంట్లో అడిగితే జపాన్ అన్నాను, ఇంకేమీ అడగలేదు.

మర్నాడే సదస్సు. పొద్దున్నే హాల్లో మైకులు మోగుతున్నాయి. జపాన్ పద్ధతి అని బోర్డు కట్టేశారు. నేను రిజిస్టరులో మొదటి కాపీ వివరాలు రాసి, రెండోదానికి డిటో గీతలు పెట్టి, ఒక పని అయిపోయిందనుకున్నాను. బాయ్ మాత్రం మళ్ళీ కెటిల్ తెచ్చి కూర్చున్నాడు. ఒక కాపీకి చీటీ చివరి పేజీ మీద ఉండి, ఇంకోదానికి లేకపోతే ఎట్లా, రెండూ ఒక్కలాగుండాలి, చూసినవాళ్ళు ఏమనుకుంటారు అంటాడు. చూసేవాళ్ళు పట్టుపురుగుల కోసం వస్తున్నారు, నీ చీటీల కోసం కాదు అన్నాను. మీరు పెద్దోళ్ళు సార్, మీ ఇష్టం అని ఊడదీస్తూనే ఉన్నాడు.

కాసేపటికి, సార్ ఇక్కడ కిటికీలు ఎక్కువున్నాయి అన్నాడు. నేను రిజిస్టరు లోంచి తలెత్తలేదు. ఒక వరుస కాదు సార్, రెండున్నాయి అన్నాడు మళ్ళీ. అప్పుడు లేచాను.

నిజమే. మొదటి వరుస అచ్చం మొదటి కాపీలో ఉన్నదే. దాని పక్కన ఇంకో తేదీ వరుస ఉంది. దాని నెత్తిన కిటికీ లేదు, తక్కెడ ఉంది. దానికింద సంవత్సరం అంకె ఒక్కటే, ఎనిమిది. కలిపితే జపానాయన మన వైపు నుంచి వెళ్ళిపోయిన తర్వాత సంవత్సరం వచ్చింది. ఆ పుస్తకాన్నే మళ్ళీ పెంచి అచ్చు వేశారన్నమాట. ఉబ్బింది తడికి కాదు. గబగబా రెండు కాపీలూ పక్కపక్కన పెట్టి పేజీలు తిప్పాం. అధికారి చూసిన కట్టు బొమ్మ లావు కాపీలో ఉంది. సన్న కాపీలో ఆ అధ్యాయం ఉంది, ఆ బొమ్మ లేదు. మొదట్నుంచి చివరిదాకా ఎక్కడా లేదు. నేను రాసిన డిటో నావైపే చూస్తోంది. దాన్ని కొట్టేసినంత గట్టిగా జీవితంలో ఇంకేదీ కొట్టెయ్యలేదు.

హాలుకు పరుగెత్తాం. నా చేతిలో రెండు పుస్తకాలు, బాయ్ చేతిలో కెటిల్. దాన్ని పెట్టి రావాలన్న ఆలోచన కూడా ఆయనకు రాలేదు. అధికారి మెడలో దండ వేయించుకుంటున్నాడు. దండ ఉండగానే పుస్తకం మీదికి వంగాడు. కిటికీ, తక్కెడ ఏది ఏదో నేను చూపించాను. తానూ ఒకసారి వేళ్ళ మీద లెక్క వేసుకున్నాడు, రెండు కాపీలూ తిప్పి చూశాడు. తర్వాత మైకు దగ్గరికి పోకుండా నేరుగా పెయింటర్ని పిలిపించాడు. మాట మీద నిలబడ్డ మనిషి, ఇప్పటికీ ఆయనంటే నాకు గౌరవం.

పెట్టెమ్మ చివరి వరుసలో కూర్చొని ఉంది. పక్కనే ఆ మరిది. పిలిస్తే వచ్చి విషయం విన్నది. ఒక్కసారి కళ్ళు ఒత్తుకుంది, అంతే. పెయింటర్ జపాన్ అన్న మాట చెరిపేసి, బ్రష్షు ముంచి, పేరు చెప్పమ్మా అన్నాడు. ఆమె ఒక పేరు చెప్పింది. సగం రాసేసరికి మరిది పైకి లేచి, అది మా అమ్మ పేరు కదా వదినా, నీ పేరు చెప్పు అన్నాడు.

"నాదని నేనెప్పుడు సెప్పినా? మా ఇంటిదంటి, జపానోళ్ళది కాదంటి. నాకు నేర్పిచ్చింది మీ అమ్మే కదా" అంది.

నేను బొటనవేలి గోరు అరిగేదాకా గీకి, కుప్పం దాకా పోయి, చక్రవర్తుల లెక్కలు కట్టి, పుస్తకం ఎవరు అచ్చేశారు, ఎప్పుడు అచ్చేశారు అన్నీ కనుక్కున్నాను. రోజూ ఫోను చేసి అడిగే మనిషిని, నీకెవరు నేర్పారమ్మా అని మాత్రం అడగలేదు. లైబ్రేరియన్‌ని కదా, కనీసం కర్త ఎవరని అడగాల్సింది.

పెయింటర్ పేరు పూర్తి చేసి నిచ్చెన దిగాడు. బాయ్ కెటిల్ కింద పెట్టి చప్పట్లు కొట్టాడు. పెట్టెమ్మ ముందుకొచ్చి, తడి ఆరని ఆ అక్షరాల కింద నడుం మీద చేతులు పెట్టుకొని నిలబడింది. చాలాసేపు చూసింది. తర్వాత మెల్లగా, ఎవరితోనో తగువు పెట్టుకున్నట్టే అడిగింది.

"ఇంగ సాలా, అత్తా?"